ఫొటో మాదే, చీర మాది గాదు

(జుక్కల్‌లో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఆన్‌లైన్‌లో అమ్ముతున్న నకిలీ సరుకుల గురించి నాలుగు మాటలు చెప్పమని మన కార్యదర్శి గారు ఆదేశించారు. "నేను వ్యాపారం చదువుకున్నవాడిని కాదు, లాయరును అసలే కాదు, నాకెందుకండీ" అన్నాను. "మీరు మోసపోయారు గదా సార్, అంతకన్నా ఏం అర్హత కావాలి" అన్నారాయన. కాదనలేకపోయాను. కనుక ఆ అర్హతతోనే మీ ముందు నిలబడ్డాను.

మొదట నా కథ చెప్పేస్తాను. మా బావమరిది కూతురి పెండ్లి భువనగిరిలో. మేనకోడలి పెండ్లికి పోచంపల్లి పట్టుచీర కట్టుకోవాలని మా ఇంటావిడ కోరిక. నలభై ఏండ్ల కాపురంలో ఆమె నోరు తెరిచి అడిగిన చీరలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అబ్బాయి నేర్పించిపోయిన ఫోను నా చేతిలో ఉన్నది. దసరా ఆఫర్లు నడుస్తున్నాయి. వెతికితే బొమ్మ కనిపించింది. ఎరుపు మీద తెల్లటి చిటికి పని, అంచుకు జరీ. కింద "ప్యూర్ పోచంపల్లి పట్టు, చేనేత" అని రాసి ఉన్నది. అసలు ధర 8,999 అని కొట్టివేసి, 1,799 అని వేశారు. నాకు చాలా తెలివితేటలున్నాయనుకొని నొక్కేశాను.

నాలుగు రోజుల్లో పార్సిలు వచ్చింది. విప్పి చూసి, నిగనిగలాడుతుంటే మురిసిపోయి, పెండ్లి దాకా బీరువాలో దాచింది. పెండ్లిలో ఒక పెద్దావిడ మా ఆవిడ పక్కన కూర్చున్నది. పుట్టుక, మెట్టుక రెండూ చేనేత ఇండ్లే. మాటల మధ్యలో కొంగు చేతిలోకి తీసుకున్నది, ఒకసారి తిరగేసి చూసింది, మెల్లగా వదిలేసి "మంచిగున్నది వదినె" అన్నది. అంతే. ఇంకొక మాట లేదు.

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ పిట్లం దాటేదాకా నోరు విప్పలేదు. అప్పుడు మాత్రం, "ఆమె కొంగు తిప్పి చూసింది చూడు" అన్నది. నాకు అర్థమైంది.

ఇంటికి వచ్చి చీర చివర ఒక దారం లాగి అగ్గిపుల్ల వెలిగించాను. మిత్రులారా, ఎనిమిదవ తరగతిలో కృత్రిమ దారాల పాఠం నేను చెప్పినన్నిసార్లు ఈ తాలూకాలో ఇంకెవ్వరూ చెప్పి ఉండరు. అసలు పట్టు కాలితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తీస్తే తనంతట తానే ఆరుతుంది, మిగిలిన బూడిద వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకొని, కరిగి, చివరికి గట్టి నల్లపూస అయి కూర్చుంటుంది. నా ముందు నల్లపూసే కూర్చున్నది. ముప్పై ఏండ్లు పిల్లలకు చెప్పిన పాఠం 1,799 రూపాయలు ఖర్చు పెట్టి నేను నేర్చుకున్నాను.

ఇక్కడితో ఆగితే ఇది ఒక ముసలాయన గోల. ఆ తరువాత జరిగిన దాని కోసమే ఈ ప్రసంగం ఒప్పుకున్నాను. అబ్బాయి దగ్గరకు హైదరాబాదు వెళ్ళినప్పుడు పట్టుబట్టి పోచంపల్లికి పోయాను. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే గారి మాట మీద వెదిరె రామచంద్రారెడ్డి గారు నూరెకరాలు దానమిచ్చిన ఊరు అది. అందుకే భూదాన్ పోచంపల్లి అంటారు. ఒక నేతన్న ఇంట్లో కూర్చొని నా ఫోనులోని బొమ్మ చూపించాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చూశాడు. భార్యను పిలిచి చూపించాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఫొటో మాదే సారూ, చీర మాది గాదు" అన్నాడు.

వాళ్ళు నేసిన చీరనే ఎవరో ఫొటో తీసి ఉంచుకున్నారు. ఆ ఫొటోను ఎక్కడో ఉన్న అమ్మకందారు ఎత్తుకొని తన సరుకు కింద పెట్టాడు. బొమ్మలో కనిపించేది నిజమైన చీర, పార్సిలులో వచ్చేది అచ్చు వేసిన పాలిస్టర్ గుడ్డ. కొనేవాడు ఎంత జాగ్రత్తగా బొమ్మ చూస్తే అంత గట్టిగా మోసపోతాడు. నేను బొమ్మను పెద్దది చేసి మరీ చూశాను!

ఆ చీర వెనుక ఎంత పని ఉన్నదో మనలో చాలామందికి తెలియదు. నాకూ అప్పటిదాకా తెలియదు. మామూలు బట్ట నేసిన తరువాత దాని మీద అచ్చు వేస్తారు. చిటికి పనిలో బట్ట పుట్టకముందే డిజైను దారంలో పుడుతుంది. నూలును లెక్కకట్టి, రంగు అంటకూడని చోటల్లా సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కడతారు, రంగులో ముంచుతారు, విప్పుతారు, మళ్ళీ ఇంకొకచోట కడతారు, ఇంకొక రంగులో ముంచుతారు. ఎన్ని రంగులుంటే అన్నిసార్లు. ఆ తరువాత మగ్గం మీద ఆ దారాలు ఎక్కడికక్కడ కలిసి పువ్వు అవుతాయి. అందుకనే ఆ పువ్వు అంచు కొద్దిగా చెదిరినట్టు, నీళ్ళలో చూసినట్టు ఉంటుంది. అది లోపం కాదు, చేతి ముద్ర.

దీనికి ముందు ఆసు పోయడం అనే పని ఒకటి ఉన్నది. ఇంటి ఆడవాళ్ళు ఒక చీరకు దారాన్ని అటూ ఇటూ తొమ్మిది వేల సార్లు చెయ్యి చాపి చుట్టేవారు. నాలుగైదు గంటలు పట్టేది, భుజాలు పడిపోయేవి. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే బాధ చూడలేక ఏండ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారు చేశారు. పెద్ద చదువులు లేని మనిషి. తల్లి పేరు మీద దానికి లక్ష్మి ఆసు యంత్రమని పేరు పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా కూడా తీశారు. ఒక కొడుకు తల్లి భుజాల కోసం అంత కష్టపడి మిగిల్చిన గంటలను, కంప్యూటరు మీద బొమ్మ కాపీ చేసి అచ్చు కొట్టేవాడు ఒక్క పూటలో ఎత్తుకుపోతున్నాడు.

చట్టం లేదా అంటే ఉన్నది. భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరు నుండి అమలైంది. పేపర్లలో జి.ఐ. ట్యాగ్ అంటున్నది దీన్నే. మొదట నమోదైంది డార్జిలింగ్ టీ. ఆ తొలి వరుసలోనే, 2004-05లో, పోచంపల్లి ఇక్కత్ కూడా నమోదైంది. తరువాత గద్వాల, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ చీరలు, 2020లో తేలియా రుమాలు ఆ పట్టికలో చేరాయి. ఆ పేరును తప్పుగా వాడినవాడికి ఆరు నెలల నుండి మూడేండ్ల వరకు జైలు, యాభై వేల నుండి రెండు లక్షల వరకు జరిమానా అని చట్టంలో రాసి ఉన్నది. చదవడానికి బాగానే ఉంటుంది. కాని పోలీసు ఎవరిని పట్టుకోవాలి? ఊరు పేరు లేని దుకాణం, ఈ రోజు ఒక పేరు, రేపు ఇంకొక పేరు.

మన సంత సంగతి గుర్తు తెచ్చుకోండి. మనది మూడు రాష్ట్రాల మూల. ఇటు దెగ్లూర్ పోయినా, అటు ఔరాద్ పోయినా మనకు తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ నాలుగూ కలిపి బేరం చేయడం అలవాటు. రంగు పోయే గుడ్డ అంటగడితే మళ్ళీ వారం అదే చెట్టు కింద వాడి చెయ్యి పట్టుకునేవాళ్ళం. తైబజారు వసూలు చేసేవాడికి కూడా ఎవరు ఎక్కడ కూర్చుంటారో తెలుసు. ఆన్‌లైన్ కంపెనీ కూడా చేసేది తైబజారు పనే. సరుకు దానిది కాదు. విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీలు స్వయంగా సరుకు నిలువ చేసి అమ్మరాదనీ, బజారు మాత్రమే నడపాలనీ మన దేశపు నిబంధన. 2019 ఫిబ్రవరి నుండి దాన్ని ఇంకా బిగించారు. కనుక నకిలీ దొరికినప్పుడల్లా "మేము బజారు పెట్టినవాళ్ళమే, అమ్మింది వేరొకరు" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. చెట్టు మాత్రం వాళ్ళదే, నీడ కిరాయీ వాళ్ళదే. మోసం మటుకు ఎవరిదీ కాదు.

పెద్ద కంపెనీలు ఈ జవాబును ఊరికే ఒప్పుకోలేదు. ఎర్రటి అడుగు భాగంతో చెప్పులు చేసే క్రిస్టియన్ లూబుటాన్ అనే ఫ్రెంచి కంపెనీ, తమ పేరుతో సరుకు అమ్ముతున్న ఒక వెబ్‌సైటు మీద ఢిల్లీ హైకోర్టుకు పోయింది. అమ్మకంలో చురుకుగా పాలుపంచుకునే సైటు కేవలం మధ్యవర్తినని తప్పించుకోలేదని, అమ్మకందార్ల పూర్తి వివరాలు చూపించాలని 2018 నవంబరులో తీర్పు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అదే హైకోర్టు గుర్రం బొమ్మ గుర్తున్న బెవర్లీ హిల్స్ పోలో క్లబ్ వారి కేసులో అమెజాన్‌కు చెందిన కంపెనీ మీద సుమారు 340 కోట్ల రూపాయల నష్టపరిహారం విధించింది. ఆ సంవత్సరమే జూలైలో డివిజన్ బెంచి దాని అమలును నిలిపివేసింది. జర్మనీ చెప్పుల కంపెనీ బిర్కెన్‌స్టాక్ అయితే నకిలీల బెడద పడలేక 2017 జనవరి నుండి అమెరికా అమెజాన్‌లో తన సరుకు పెట్టడమే మానుకున్నది.

లూబుటాన్ ఢిల్లీలో పెద్ద వకీళ్ళను పెట్టుకోగలదు. బిర్కెన్‌స్టాక్ అలిగి లేచిపోగలదు. పోచంపల్లి నేతన్న ఎక్కడికి పోతాడు? ఆ పేరు కంపెనీ పెట్టుకున్న పేరు కాదు, ఆయన పుట్టిన ఊరి పేరు. ఒకరోజు హైకోర్టుకు పోతే ఆ రోజు మగ్గం ఆగుతుంది.

ఇది మన ఒక్క దేశపు జబ్బు కాదనుకోండి. 2019లో ప్రపంచ దేశాల మధ్య జరిగిన వ్యాపారంలో నూటికి రెండున్నర పాళ్ళ వరకు, అంటే 464 బిలియన్ డాలర్ల వరకు నకిలీ సరుకే అయివుండవచ్చని ఓ.ఇ.సి.డి. సంస్థ, యూరపు మేధోసంపత్తి కార్యాలయం కలిసి అంచనా వేశాయి. చెప్పులు, బట్టలు, తోలు సామాను, గడియారాలు ముందు వరుసలో ఉన్నాయట.

మధ్యలో ఒక మాట. మా మనుమడు నాందేడ్ నుండి బూట్లు తెచ్చుకున్నాడు. వాటి మీద పేరుగల కంపెనీ గుర్తు ఉన్నది. "అసలువేనా?" అంటే "ఫస్ట్ కాపీ తాతా" అన్నాడు గర్వంగా. పరీక్షలో కాపీ కొట్టినవాళ్ళను చాలామందిని పట్టుకున్నాను గాని, ఫస్ట్ క్లాసులో కాపీ కొట్టానని చెప్పుకున్నవాణ్ణి అప్పుడే చూశాను. వాడికి తెలిసే కొన్నాడు, నేను తెలియక కొన్నాను. నా దృష్టిలో రెండూ ఒకటి కాదు. కాని వాడి లాంటివాళ్ళు కొనబట్టే ఆ దుకాణం నడుస్తున్నదని, దాని పక్కనే నాలాంటివాడి కోసం ఇంకొక దుకాణం తెరుస్తున్నారని వాడికి చెప్పాను. విన్నాడో లేదో తెలియదు.

అలాగని అచ్చు చీర కట్టుకునేవాళ్ళను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. నాలుగు వందలకు ఇక్కత్ ప్రింటు చీర అని నిజం చెప్పి అమ్మితే, కొనేవాళ్ళు కొనుక్కుంటారు, అందరికీ పట్టు కొనే స్తోమత ఉండదు. అచ్చు వేయడం దొంగతనం కాదు, పేరు దొంగిలించడం దొంగతనం. ఆ "ప్యూర్", ఆ "చేనేత" అన్న రెండు మాటలకే నేను డబ్బు ఇచ్చాను.

తరువాత నేనేం చేశానంటే, బిల్లు వెతికాను. ఏడు రోజుల్లో తిప్పి పంపాలన్న గడువు ఎప్పుడో దాటిపోయింది, చీర బీరువాలో ఉన్నది గదా! బిల్లు మీద ఉన్న అడ్రసుకు ఉత్తరం రాస్తే అలాంటి దుకాణం లేదని తిరిగి వచ్చింది. సైటులో ఆ బొమ్మ కూడా మాయమైంది. అప్పుడు మన మిత్రులొకరు నియమాలు చదివి వినిపించారు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. ఆ నెలలోనే ఈ-కామర్స్ నియమాలు కూడా వచ్చాయి. వాటి ప్రకారం అమ్మేవాడి పేరు, చిరునామా, సరుకు ఏ దేశానిదో కంపెనీ చూపించాలి. ఫిర్యాదుల అధికారి ఒకరుండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటలలోపల చెప్పాలి, నెల రోజులలోపల పరిష్కరించాలి.

ఇంకా మనకు బాగా పనికివచ్చేది, ఈ చట్టం ప్రకారం కొన్నవాడు తాను ఉన్న చోటనే, అంటే మన జిల్లా పరిధి ఉన్న వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. వెనుకట అయితే కంపెనీ ఉన్న ఊరికి తిరగాలేమో అని భయపడేవాళ్ళం. సరుకు విలువ ఐదు లక్షల లోపు ఉంటే కోర్టు రుసుము లేదు, రెండేండ్లలోపు వేసుకోవచ్చు, వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. దానికన్నా ముందు 1915 అనే నంబరు ఉన్నది, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను ఆ నంబరుకు చెప్పి, కంపెనీ ఫిర్యాదుల అధికారికి కాలిన దారం ఫొటో, బిల్లు, వాళ్ళ సైటులోని బొమ్మ పంపించాను. రెండు మూడుసార్లు ఒకే జవాబు అచ్చు కొట్టి పంపారు. నేనూ అదే ఉత్తరం తేదీ మార్చి పంపాను. ఇరవై రోజులు పైబడ్డాక 1,799 రూపాయలు ఖాతాలో పడ్డాయి. చీర తిప్పి పంపనవసరం లేదన్నారు. దాన్ని బట్టి వాళ్ళ దృష్టిలో దాని విలువ ఎంతో తెలిసిపోయింది.

నా డబ్బు నాకు వచ్చింది. పోచంపల్లిలో ఆ దంపతులకు ఏం వచ్చింది? వాళ్ళ చీర అమ్ముడుపోలేదు. పైగా నాలాంటివాళ్ళు "పోచంపల్లి చీర అంటే ఇంతే, మెరుపు తప్ప ఏం లేదు" అని పదిమందికి చెబుతారు. ఆ లెక్క ఏ కమిషన్‌లో వేయాలో నాకు తెలియలేదు.

చీరలతోనే ఆగడం లేదు. 2022 ఆగస్టులో తప్పనిసరి ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్లు అమ్మనిచ్చినందుకు అమెజాన్‌కు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసింది. అమ్ముడైన 2,265 కుక్కర్లను కొన్నవారందరికీ సమాచారమిచ్చి, వాటిని వెనక్కు తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వమన్నది. నల్లపూస అయితే నవ్వి ఊరుకోవచ్చు. కుక్కరు పేలితే నవ్వడానికి ఉండదు.

పట్టుచీర కొనేటప్పుడు ఏం చూడాలని అక్కయ్యలు చాలామంది అడిగారు. అన్నిటికన్నా ముందు ఆ పెద్దావిడ చేసిన పనే చేయాలి, తిరగేసి చూడాలి. దారంలోనే రంగు ఉంటుంది గనుక చిటికి పని రెండు వైపులా ఒకేలా ఉంటుంది. అచ్చు అయితే వెనుక వెలిసినట్టుంటుంది. చేతి మగ్గం మీద బట్ట వెడల్పు నిలవడానికి మొనలున్న కర్ర గుచ్చుతారు, ఆ సన్నటి చిల్లులు అంచుల్లో కనిపిస్తాయి. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ చీటీలున్నాయి. చీటీ కూడా నకిలీ చేయవచ్చునని మీరంటారు, నిజమే. అయితే ఆ నేతన్న ఇంకొకటి చెప్పాడు. చిటికి కట్టిన దారాన్నే మరమగ్గం మీద నేస్తే రెండు వైపులా ఒకేలా ఉంటుందట, అప్పుడు తనకు కూడా పోల్చుకోవడానికి కాస్త టైము పడుతుందట. కనుక వీలైతే సొసైటీ దుకాణంలో చేత్తో పట్టి కొనడమే మేలు. ఆన్‌లైన్‌లోనే కొంటే పార్సిలు వచ్చిన రోజే విప్పండి, విప్పేటప్పుడు ఇంట్లో ఎవరినైనా ఫోనులో వీడియో తీయమనండి, ఒక దారం కాల్చి చూడండి. పండుగ దాకా బీరువాలో దాచకండి. పెద్ద కంపెనీ పేరులా కనిపించే లింకు వాట్సాప్‌లో వస్తే అసలు ముట్టుకోకండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి, అది సైబరు నేరాల నంబరు.

మా ఆవిడకు పోచంపల్లిలో ఆ దంపతుల దగ్గరే ఒక చీర తీసుకున్నాను. ధర ఇక్కడ చెప్పను, మా అబ్బాయి ఈ ప్రత్యేక సంచిక చదువుతాడు. మొన్న సంక్రాంతికి కట్టుకున్నది.

నకిలీది మాత్రం ఈ సంచిలో పెట్టుకొని వచ్చాను. ఇదిగో, బల్ల మీద పెడుతున్నాను. పక్కన ఆ అసలు చీర కొంగు నుంచి నేతన్న ఇచ్చిన నాలుగు పోగులు, ఒక అగ్గిపెట్టె కూడా ఉన్నాయి. టీ తాగిన తరువాత ఎవరికి ఇష్టమైతే వాళ్ళు వచ్చి, కొంగు తిప్పి చూసి, రెండు దారాలూ కాల్చి చూడవచ్చు. ఫ్యాను మాత్రం ఎవరైనా కొంచెం సేపు బందు పెట్టండి.

సెలవు.